నీటికుక్కకు దొరికిన గొంతు

ఈ వీడ్కోలు సభకు అధ్యక్షత వహిస్తున్న మన స్టూడియో అధిపతి షాంగ్ బోహాయ్ గారికి, ముందు వరుసలో కూర్చుని అప్పుడే వేరుశనక్కాయలు ఒలవడం మొదలుపెట్టిన పెద్దలకు, వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ బొమ్మలు గీసే పిల్లలకు, శబ్ద విభాగం మిత్రులకు, ఆవిరి మధ్యనుంచి తొంగి చూస్తున్న వంటశాలవాళ్లకు, అందరికన్నా మిన్నగా, ఛాతీ మీద ఎర్ర కాగితపు పువ్వు పెట్టించుకుని దాన్ని ఎప్పుడు పీకేద్దామా అని చూస్తున్న మా రువాన్ పెయ్‌ఛిన్ అక్కకు నా నమస్కారాలు. (నవ్వులు) అక్కా, చేయి తీయండి. ఫొటోలయ్యేదాకా ఆ పువ్వు ఉండాల్సిందే, అధ్యక్షులవారి ఆజ్ఞ.

నన్ను క్లుప్తంగా మాట్లాడమన్నారు. ఈ ఫాన్ జిచెంగ్ అనేవాడు జీవితమంతా పాత గ్రంథాలు చదివి, వాటిలోని దయ్యాలనూ నక్కలనూ రాళ్లనూ బొమ్మల సినిమాలకు కథలుగా మార్చినవాడని, క్లుప్తత వాడికి అబ్బిన విద్య కాదని షాంగ్ గారికి తెలుసు. తెలిసి కూడా నా చేతికి మైకు ఇచ్చారంటే, అది ఆయన మంచితనమే అనుకుంటాను.

రువాన్ అక్క గురించి మీకు కొత్తగా చెప్పేదేముంది? ఈ హాంగ్‌జౌలో నలభై దాటిన ఏ మనిషినైనా ఆపి 'నీటికుక్క' అనండి, వెంటనే ఆయన చిన్నపిల్లాడైపోయి, అన్నం గిన్నె పట్టుకుని టీవీ ముందు కూర్చున్న రోజులు గుర్తు తెచ్చుకుంటాడు. ఆ బొమ్మల ధారావాహికకు కథ రాసింది నేను, అది నా మొదటి పని. నీటికుక్కకు గొంతు ఇచ్చింది ఆమె. వాన ముందు గాలిలా చల్లగా, కొంచెం బొంగురుగా ఉండే ఆ గొంతు వినడానికి రికార్డింగ్ లేని రోజుల్లో కూడా నేను ఆ గది ముందునుంచి నడిచేవాణ్ణి. దు గారూ, మీరు అలా చూడకండి, అప్పటికే ఆమెకు మీతో పెళ్లయిపోయింది, నాకు తెలుసు. (నవ్వులు)

కొత్తగా చేరిన పిల్లల కోసం ఆ పాత కథ నాలుగు మాటల్లో చెబుతాను. వరదలో కొట్టుకుపోతున్న ఒక ఆడ నీటికుక్కను ఒక పడవవాడు బయటికి లాగి కాపాడతాడు. అతని తల్లి జ్వరంతో మంచాన పడ్డప్పుడు ఒక స్త్రీ వచ్చి, చేపలు పట్టి, వండి, ముసలామెకు సేవ చేసి, అతనికి భార్యగా ఉండిపోతుంది. ఆమె ఎవరో ఊరికి తెలిసిపోతుంది. అప్పుడు ఒక సన్యాసి మాత్ర ఇస్తాడు: ఇది మింగి, ఏడాదిపాటు నీళ్లలో దిగకుండా ఉంటే పూర్తిగా మనిషివి అవుతావు. ఆమె మింగుతుంది, చర్మం పగిలి ఎండిపోతున్నా ఓర్చుకుంటుంది, మనిషవుతుంది, వంశవృక్షంలో ఆమె పేరు రాస్తారు. అంతే. అప్పట్లో దాన్ని శుభం అనేవాళ్లం.

ఈ కథనే మళ్లీ పెద్ద సినిమాగా తీయాలని అనుకున్నప్పుడు దర్శకురాలిగా నింగ్ షువాంగ్ వచ్చింది. అదుగో, కిటికీ దగ్గర, తల దించుకుని కూర్చుంది. అప్పటికి ఈ అమ్మాయికి ముప్ఫై కూడా లేవు. మొదటి సమావేశంలోనే నా స్క్రిప్టు మూసి పక్కన పెట్టి, "ఫాన్ మాస్టారూ, ఒకటి అడగనా, కోప్పడరుగా?" అంది. అలా అడిగేవాళ్లు కోపం తెప్పించకుండా వదలరు.

"మన పాత కథల్లో నక్క తపస్సు చేసేది మనిషి కావడానికే, పాము చేసేదీ మనిషి కావడానికే, ఆఖరికి ఇంట్లో చీపురుకట్ట కూడా వందల ఏళ్లు మూలన నిలబడి మనిషి కావాలనే చూస్తుంది. ఎందుకండీ? అది చీపురుగా హాయిగా ఉండకూడదా?"

"చీపురును అడుగమ్మా," అన్నాను.

"చీపురును ఎవరూ అడగలేదనేగా నా గొడవ! మాత్ర ఇచ్చిన సన్యాసి మనిషి, పేరు రాసిన పెద్దలు మనుషులు, కథ రాసినవాడు మనిషి. అందరూ కలిసి మనలా అవ్వడమే నీకు బహుమానం అని తేల్చేశారు. నీటికుక్కకు నది పోయింది, దాని సంగతేంటి?"

నేను ఊరుకుంటానా? పాతవాళ్లు అంత మొరటువాళ్లు కాదని వాదించాను. వాళ్ల లెక్కలో రాయి, మబ్బు, చేప, మనిషి, అన్నింటిలోనూ ఆడేది ఒకటే ఊపిరి; అందుకే ఒకటి ఇంకొకటిగా మారగలదు; అసలు గోడలు కట్టింది తర్వాతివాళ్లే అన్నాను. "మరి గోడే లేకపోతే అందరూ ఒక్క వైపుకే ఎందుకు దూకుతున్నారు మాస్టారూ?" అంది. నేను టీ తెప్పించాను. (నవ్వులు) ముగింపు సంగతి తేలలేదు. ఒక్క విషయంలో మాత్రం ఇద్దరం ఒకే మాట మీద ఉన్నాం: నీటికుక్క గొంతు రువాన్ అక్కదే కావాలి.

ఆ వసంతంలోనే అక్కకు గొంతులో గడ్డ అని తెలిసింది. డాక్టర్లు ప్రాణం కాపాడారు, స్వరపేటికను తీసేశారు.

ఆ తర్వాత చాలా కాలం ఆమె గడప దాటలేదు. మెడకున్న రంధ్రం కనబడకుండా రుమాలు కట్టుకుని, టార్చిలైటంత యంత్రం ఒకటి గవదకు ఆనించి మాట్లాడడం నేర్చుకుంది. ఆ యంత్రానికి ఉన్నది ఒకటే శ్రుతి. మన భాష సంగతి మీకు తెలుసు, స్వరం ఎక్కితే ఒక మాట, దిగితే ఇంకో మాట. ఆమె సూప్ తెమ్మంటే దు గారు చక్కెర తెచ్చేవారు. పాత సైకిలుకు సీటు కొనమంటే సైకిలే అమ్మేసి వచ్చారు.

(సభలోంచి దు గెన్‌షెంగ్: "కొనడం అమ్మడం ఒకేలా వినబడితే నేనేం చేస్తా! ఆ సైకిలు ఎలాగూ తుప్పుపట్టింది!" నవ్వులు)

సరే దు గారూ, తప్పు సైకిలుదే.

అప్పుడు షాంగ్ గారికి ఒక ఆలోచన వచ్చింది. అందులో దురుద్దేశం రవ్వంత కూడా లేదని ఈ సభలో ఆయన ముందే చెబుతున్నాను. అక్క పాత రికార్డింగులన్నీ మన దగ్గరే ఉన్నాయి. వాటిని కంప్యూటరుకు వినిపిస్తే ఆమె గొంతుతో ఏ మాటైనా అదే పలుకుతుంది. పెట్టుబడి పెట్టినవాళ్లకూ కావలసింది ఆ పాత గొంతే. ఆమెకు గౌరవంగా పారితోషికం ఇస్తాం, పేరు పెద్ద అక్షరాల్లో వేస్తాం అన్నారు. ఒక నమూనా చేయించి ఆమెను పిలిపించారు. రుమాలు కట్టుకుని, వానలో గొడుగు వేసుకుని ఆమె వచ్చింది. గదిలో షాంగ్ గారు, నింగ్ షువాంగ్, నేను.

మీట నొక్కారు. గదిలోకి ఆ గొంతు వచ్చింది. వాన ముందు గాలి. ఆమె ఏ రోజూ పలకని వాక్యాన్ని, ఆమె ఏ రోజూ పలకనంత తీరుగా పలికింది. నా కళ్లు నిండాయి, దాచుకోలేకపోయాను. షాంగ్ గారూ, మీవి కూడా. (అధ్యక్షులు తల ఊపారు)

అక్క మాత్రం యంత్రాన్ని గవదకు ఆనించి, "ఎవరిది ఇది?" అంది.

"మీదే అక్కా," అన్నారు షాంగ్ గారు.

"నేను ఇక్కడున్నానుగా."

షాంగ్ గారు నిదానంగానే సర్దిచెప్పబోయారు. "అక్కా, మీరు కష్టపడక్కర్లేదు. మీరు మళ్లీ మునుపటిలా వినబడతారు. జనం సంతోషిస్తారు."

ఆమె మెడ మీది రుమాలు సర్దుకుంది. తర్వాత ఆ చదునైన గొంతుతో, ఒక్కో మాటా విడగొట్టి చెప్పింది. "గొంతు పోయిందని ఏడ్చాను, అబద్ధం చెప్పను. ఏడ్చినా శబ్దం రావట్లేదని ఇంకా ఏడ్చాను. అయినా బతికాను, మాట్లాడుతున్నాను. నీటికుక్క మనిషైతేనే దానికి మంచి జరిగినట్టు. నేను మునుపటిలా వినబడితేనే నాకు బాగైనట్టు. రెండూ ఒకటే మాట. ఆ పాత గొంతు పాత సినిమాలో ఉంది, అక్కడే ఉండనీండి. ఈ సినిమాకు నేను కావాలంటే, ఈ గొంతుతో ఉన్న నేను వస్తా. వద్దంటే చెప్పండి, కోపం లేదు, ఇంటికెళ్లి వెదురు మొలకలు వండుకుంటా."

అప్పటిదాకా నింగ్ షువాంగ్ చెప్పినవి నేను పుస్తకాల వాదాలుగానే విన్నాను, నావి కూడా పుస్తకాల వాదాలే కదా. ఆ రోజు మాత్రం ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. పేచీ ముగింపు గురించి కాదని, మా ఎదురుగా కూర్చున్న మనిషి గురించని అర్థమైంది.

షాంగ్ గారి ఇబ్బంది మీరు ఊహించుకోండి. అంత పెద్ద సినిమా, పైన పెట్టుబడిదారులు, ఇక్కడ వద్దంటున్న అక్క. ఆయన న్యాయంగానే ఒక దారి చెప్పారు. ఒక సన్నివేశం తీసుకుందాం. కంప్యూటరు గొంతుతో ఒకసారి, అక్క యంత్రం గొంతుతో ఒకసారి స్టూడియో అందరికీ చూపిద్దాం అన్నారు. ముసలామె తన కోడలి చేతిలో మాత్ర పెట్టి, 'మింగవే తల్లీ, మా మనిషివి అయిపోదువు' అని బతిమాలే సన్నివేశం అది.

మొదటిసారి అందరూ కన్నీళ్లు పెట్టుకున్నారు. రెండోసారి ఎవరూ ఏడవలేదు, ఎవరూ కదలలేదు కూడా. ఆ చదునైన గొంతు వస్తుంటే తెర మీద నీటికుక్క పెదవులు అందమైన ఆడమనిషి పెదవుల్లా ఆడుతున్నాయి, అది ఎంత అబద్ధంగా ఉందో! లైట్లు వేయగానే వెనక నుంచి ఒక అమ్మాయి, "ఆ మూతి అలా ఉండదు, గొంతు దగ్గర బొచ్చు అదరాలి," అంది. ఇంకొకడు, "మీసాలు కూడా," అన్నాడు. "కళ్లు అంత తిప్పక్కర్లేదు, అసలు తిప్పకపోతేనే బాగుంటుంది," అని మరొకరు. షాంగ్ గారు ఓట్లు అడుగుదామని లేచి చూస్తే సగం కుర్చీలు ఖాళీ. బల్లల దగ్గరికి పోయి గీసేస్తున్నారు.

"నన్ను ఎవరూ అడగలేదేమయ్యా," అన్నారు షాంగ్ గారు నాతో. ఆ తర్వాత ఆయన చేసిన పని చెప్పి తీరాలి. పెట్టుబడిదారుల దగ్గరికి ఒంటరిగా వెళ్లి, తిట్లు తిని, కొందరిని పోగొట్టుకుని, ఉన్నవాళ్లతో సినిమా తీయిస్తానని చెప్పి వచ్చారు. తిన్న తిట్లు ఇప్పటిదాకా మాకు చెప్పలేదు. ఆయనకు చప్పట్లు కొట్టండి. (చప్పట్లు)

ఇక నా కష్టాలు. స్వరం ఎక్కకుండా, దిగకుండా మన మాట అర్థం కావాలంటే ఏ మాటలు వాడాలి? నా డైలాగులన్నీ పాత సాహిత్యపు పద్ధతిలో, పొట్టి పొట్టి మాటలతో, ఉలితో చెక్కినట్టు ఉండేవి. నీటికుక్క చివరి మాట నాకు మరీ ఇష్టం, యథాతథంగా గ్రంథంలోంచి దించాను. అక్క యంత్రంలో అది గాజు గ్లాసులో ఇరుక్కున్న ఈగలా వినబడింది. ఆమెకే నవ్వొచ్చింది. "ఏమయ్యా ఫాన్, నువ్వు కళ్లకు రాశావు, చెవులకు రాయలేదు," అంది.

ఆ చలికాలమంతా ఆమె వంటింట్లో కూర్చుని ఒక్కో వాక్యాన్నీ మళ్లీ రాశాం. నేను ఒక మాట ఇస్తాను, ఆమె పలుకుతుంది, దు గారు కిటికీ వైపు తిరిగి కూర్చుని వెదురు మొలకలు ఒలుస్తూ ఏం వినబడిందో చెప్తారు. ఆయనే మా సెన్సారు బోర్డు. మొదట్లో 'నది' అంటే 'పెట్టె' అన్నారు, 'దాహం' అంటే ఇంకేదో అన్నారు, అది ఈ సభలో చెప్పలేను. (నవ్వులు) రానురాను అన్నీ టకటకా చెప్పేయసాగారు. నేనెంత గొప్పగా రాస్తున్నానో అని పొంగిపోయాను. నింగ్ షువాంగ్ ఒకరోజు వచ్చి చూసి, నేను కొట్టేసిన పాత వాక్యాలే ఆయనకు మళ్లీ వినిపించమంది. అవి కూడా చెప్పేశారు! గాజు గ్లాసులో ఈగతో సహా!

"మాస్టారూ, మీ రాత మారినందుకు కాదు," అంది ఆ పిల్ల. "ఆయనకు ఈ గొంతు అలవాటైపోయింది. ఇంక ఈయన పనికిరారు."

అలా దు గారి ఉద్యోగం పోయింది, కింది అంతస్తులో టీ ఆకు అమ్మే ముసలాయనను తెచ్చుకున్నాం. నేను మాత్రం ఆ రోజు ఇంటికి నడుస్తూ అదే ఆలోచించాను. రాత బాగు చేసుకోవడం నా పని, చేశాను. కానీ ఆ మనిషికి అర్థమైంది రాత వల్ల కాదు, పక్కన కూర్చుని, తప్పుగా విని, మళ్లీ అడిగి, తిట్లు తిని, మళ్లీ వినడం వల్ల. ఆ రాత్రే ముగింపు రాసేశాను. నింగ్ షువాంగ్ అడగకుండానే. మాత్ర గూట్లోనే ఉండిపోతుంది. పడవవాడు ఇంటికి నీటి వైపు ఇంకో ద్వారం కొడతాడు. ముసలామె ఆ ద్వారం దగ్గర పొడి గుడ్డ పట్టుకుని నిలబడడం నేర్చుకుంటుంది, సణుగుతూనే. కోడలు మాట్లాడితే మొదట ఆమెకు సగమే అర్థమవుతుంది. "ఏమన్నావే?" అని అడుగుతుంది. కోడలు మళ్లీ చెబుతుంది. అంతే సినిమా. వంశవృక్షంలో పేరు రాశారో లేదో చూపించలేదు, దానికి కొందరు పండితులు నా మీద ఇప్పటికీ కోపంగా ఉన్నారు.

సినిమా గొప్పగా ఆడిందని చెప్పను. 'మా చిన్ననాటి గొంతును పాడుచేశారు' అని తిట్టినవాళ్లు ఉన్నారు. మధ్యలో లేచి వెళ్లినవాళ్లూ ఉన్నారు, వాళ్ల వెనకే తలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. నాకు ఆ పాత గొంతంటే ఇష్టం, ఇప్పటికీ ఇష్టమే. అక్కా, ఇది మీకు తెలుసు, అయినా పదిమందిలో ఒకసారి చెప్పాలనిపించింది. ఇష్టం ఉండడం వేరు, దాన్ని ఎదుటి మనిషి మెడకు కట్టడం వేరు.

మొదటి ఆట నాడు నేను మధ్య వరుసల్లో కూర్చున్నాను. పడవవాడు పాటలు పాడి చేపలను రప్పిస్తానని గొప్పలు పోయే చోట నీటికుక్క ఒక ఎత్తిపొడుపు మాట అంటుంది. ఎంత తిప్పలుపడి రాసినా ఆ ఒక్క వాక్యం మాకు లొంగలేదు, అయినా అక్క దాన్ని తీసేయనివ్వలేదు. హాలులో ఎవరికీ అందలేదు, నిశ్శబ్దం. అప్పుడు నా ముందు వరుస కదలడం మొదలైంది. ఆ వరుసలో ఉన్నవాళ్లంతా మెడకు రుమాళ్లు కట్టుకున్నవాళ్లే. అక్కకు జరిగిన ఆపరేషనే జరిగి, వారానికోసారి ఆసుపత్రిలో కలిసి మాట్లాడడం నేర్చుకునేవాళ్లు. వాళ్లకు ఆ మాట అందింది. నవ్వుతున్నారు. వాళ్ల నవ్వుకు శబ్దం ఉండదు కదా, భుజాలు మాత్రం ఎగిరెగిరి పడుతున్నాయి, ఒకాయన ముందు సీటును కొడుతున్నాడు, ఒకావిడ పక్కావిడ మీద వాలిపోయింది. సినిమా హాలులో అంత పెద్ద నవ్వు నేను ఎప్పుడూ చూడలేదు. అవును, చూడలేదు అనే అంటున్నాను. వెనకవాళ్లు ఏమిటేమిటి అని అడుగుతున్నారు, వాళ్లలో ఒకాయన వెనక్కి తిరిగి యంత్రం పెట్టుకుని ఆ మాట విడమరచి చెప్పాడు. అప్పుడు ఆ నవ్వు వరుస వరుసగా వెనక్కి పాకింది.

తర్వాత విశ్వవిద్యాలయంలో ఒక సదస్సు పెట్టారు. ఒక ఆచార్యులవారు ఈ సినిమాను 'మానవానంతర' దృష్టికి ఉదాహరణ అన్నారు. మనిషే అన్నింటికీ కొలత అనే అహంకారం నుంచి బయటపడ్డ కళ అని, జంతువు, యంత్రం, మనిషి కలిసిన కొత్త ఉనికి అని చక్కగా చెప్పారు. నాకు నచ్చింది, నిజం కూడా. చివర్లో అక్కను రెండు మాటలు చెప్పమన్నారు. ఆమె యంత్రం ఆనించి, "మనిషి తర్వాత ఏమిటో నాకు తెలీదు బాబూ, మనిషిగా చేయాల్సిన పనులే నాకింకా చాలా మిగిలాయి," అంది. ఆచార్యులవారే అందరికన్నా ముందు లేచి చప్పట్లు కొట్టారు. (నవ్వులు, చప్పట్లు)

అలా మిగిలిన పనుల్లో ఒకటి ఇన్నాళ్లూ ఇక్కడి పిల్లలకు గొంతు విద్య నేర్పడం. గొంతు లేని గురువు గొంతు నేర్పడమేమిటని మొదట్లో నవ్వినవాళ్లే ఇవాళ వెనక నిలబడి ముక్కు తుడుచుకుంటున్నారు, నాకు కనబడుతోంది. రేపటి నుంచి ఆమె రికార్డింగ్ గది తలుపు తోసుకుని రారు. నేను మాత్రం ఆ గది ముందునుంచే నడుస్తాను, పాత అలవాటు.

ఇక ముగిస్తాను షాంగ్ గారూ, గడియారం చూడకండి. ఈ వేడుక ఏర్పాటు చేసిన మీకు, బియ్యప్పిండి కేకులు ఆవిరి మీద పెట్టిన వంటశాలవాళ్లకు, ఆమెను ఇన్నేళ్లూ మాతో పంచుకున్న దు గారికి, నా పాండిత్యాన్ని భరించిన నింగ్ షువాంగ్‌కు, ఓపిగ్గా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు.

నా తర్వాత రువాన్ అక్క మాట్లాడతారు. మన కుర్రవాళ్లు ఎంతో శ్రద్ధగా, ఆమె మాటలు అక్షరాలుగా పడేలా ఈ వెనక తెర ఏర్పాటు చేశారు. వాళ్ల శ్రమకు దండం పెడుతూనే, దాన్ని ఆర్పేయమని అడుగుతున్నాను. అడగమన్నది అక్కే. అది వెలుగుతుంటే అందరం దాన్నే చూస్తాం, ఆమెను చూడం. ఆర్పేయండి బాబూ... ఆ, అంతే. ఇప్పుడు ఆమె వైపు తిరగండి. సగం అర్థం కాకపోతే కంగారుపడకండి, మొహమాటానికి తల ఊపకండి. చేయెత్తి, "అక్కా, ఏమన్నారు?" అని అడగండి. ఆమె మళ్లీ చెబుతారు. ఇవాళ ఎవరికీ తొందర లేదు.

అక్కా, మైకు మీది. నాకు సెలవు.